చూడకుండ రాసిన అంకె

"దవాఖాన చేతులతోని పొయ్యి ముట్టకు. నెత్తిన రెండు చెంబులు గుమ్మరించుకోని రా."

వనమాల అత్త రోజూ పొద్దుమీకి గుమ్మంల నిలబడి అనే మాట ఇది. కేసముద్రంల వాళ్లది కిరాణం దుకాణం, ఇంట్ల పదకొండు మంది. వనమాల నాలుగింటికి లేచి, వాకిలి ఊడ్చి, అందరికీ అన్నం కూర వండిపెట్టి, పక్షవాతం వచ్చిన మామకు ఒళ్లు తుడిచి, అప్పుడు మానుకోట రైలుబండికి ఉరుకుతది. అక్కడ తెల్లగేటు దవాఖానల నర్సు చదువు. కోడలును చదివిస్తున్నరు, ఎంత మంచోళ్లో అని బజారంత మెచ్చుకుంటది. అసలు సంగతేందంటె, మామకు సూదులేసెటందుకు ఇంట్ల ఒక మనిషి కావాలె. మొగడు రాజలింగం మొదటిరోజే తేల్చి చెప్పిండు. "దవాఖాన నుంచి నీ మీద ఒక్క మాట వచ్చిందనుకో, ఆ రోజుతోనే చదువు బందు." ఆ ఒక్క మాట ఎటు నుంచి వస్తదో అని వనమాల రోజూ భయపడుకుంటనే బండి దిగేది.

రోగి దగ్గరికి పోతె ముందుగాల కండ్లతోని చూడాలె, తర్వాత ఎట్లున్నవని అడగాలె, జవాబు చెప్పేదాక ఆగాలె, ఆ తర్వాతనే చెయ్యి వెయ్యాలె, చూడనిది కాగితం మీద పెట్టద్దు. పెద్దసిస్టరమ్మ చెప్పిన మొదటి పాఠం ఇదే. అడిగి ఆగుడు అనేది ఒకటుంటదని వనమాలకు అప్పుడే తెలిసింది. పెండ్లయిన ఆరేండ్లల్ల ఆమెనెవరు అడిగిండ్రు గనుక? ఒకరినొకరు పరీక్ష చేసి రాసే నాడు, బెంచీ తోడు యాదమ్మ ఆమె రవికె చెయ్యి పైకి జరిపి ఆగిపోయింది. ఎడమ దండ మీద, మోచేతికి పైన, వేలెడు పొడుగు కాలిన మచ్చ. చాయ్ ఆలస్యమైందని రాజలింగం పొయ్యిలకెంచి తీసిన పట్కారుతోని అంటించిన వాత అది. ఏందక్కా ఇది అంటె, వనమాల నవ్వి, నూనె చింది కాలిందిలే, మామూలే అని రాయి అన్నది. యాదమ్మ రాసింది: చర్మం మామూలే.

ఆ ఎండాకాలం ఒకనాడు గంగారం దిక్కు తండా నుంచి చాందీ అనే పిల్లను తెచ్చిండ్రు. తొలిచూలు, ఎనిమిదో నెల. కాళ్లు, మొకం వాచి ఉన్నయి. వనమాల బీపీ పట్టీ పట్టుకోని పోతె కట్టెటందుకు జాగనే లేదు. రెండు దండలకూ భుజం దాక తెల్ల గాజులు. మొగడు బతికున్నంత కాలం వాటిని తియ్యరు. చాందీ అత్త బుచ్చి కోడలు మీద చెయ్యి అడ్డం పెట్టి, నా కొడుకు సల్లగున్నడు, తియ్యనియ్య అన్నది. తొమ్మిదింటికి సిస్టరమ్మ వస్తది. కాగితంల గడి ఖాళీగుంటె తిడ్తది, తిడితె మాట ఇంటికి పోతది. వనమాల పక్క మంచం కాగితం దిక్కు చూసింది. నూటపది, డెబ్బై. అదే రాసింది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటరు గదా, అతికింది. సిస్టరమ్మ చూసి, మంచిగనే ఉన్నదని ముందుకు పోయింది.

వనమాల గుండెల మీది బరువు దిగింది. ఎంతసేపు? మధ్యాహ్నం దాక.

మంచినీళ్లు ఇయ్యబోతె చాందీ కండ్లు మూసుకోని, "తలకాయ పలుగుతున్నదక్కా. కండ్ల ముందట మిణుగురులు తిరుగుతున్నయి" అన్నది.

వనమాల చెంబు కింద పెట్టింది. వాపు, తలనొప్పి, కండ్ల ముందట మెరుపులు, మూడూ కలిసినయంటె బీపీ ఎక్కిందని, ఫిట్స్ వస్తె తల్లీ పిల్లా ఇద్దరూ దక్కరని పోయిన వారమే చదివింది. ఎండ దెబ్బ కావచ్చు అనుకున్నది. పొద్దటి నుంచి తినలేదు, అందుకే కావచ్చు అనుకున్నది. యాదమ్మను చూడమని చెప్పి తాను ఐదింటి బండెక్కి పోతె ఎవరికి తెలుస్తది? చెప్తె చదువు పోతది, మళ్ల ఆ పొయ్యి, ఆ వాకిలి, ఆ పట్కారు. చెప్పకపోతె ఈ పిల్ల పోతది. తన భయానికి ఇంకో ఆడపిల్ల పానం పెడుతున్ననా అని తన మీద తనకే రోత పుట్టింది.

పోయి మంచం పక్కన కూసున్నది. "చాందీ, నీ గాజులు తియ్యాలె. తియ్యమంటవా?"

నన్నడుగు అన్నది బుచ్చి.

"ఆమెను అడిగిన అవ్వా" అని వనమాల ఆగింది. పాఠంల చెప్పినట్టే ఆగింది.

చాందీ బుచ్చి మొకం చూసింది, తన చేతులు చూసుకున్నది. "తియ్యక్కా. ఆయన సల్లగుండాలంటె నేను సావాల్నా?"

వాచిన దండ నుంచి గాజులు ఊడి రాలేదు. వనమాల సిస్టరమ్మ ముందట పోయి నిలబడ్డది. "పొద్దుగాల చాందీకి బీపీ చూడలేదు సిస్టరమ్మా. చూడకుండనే రాసిన."

సిస్టరమ్మ కట్లు కోసే చిన్న రంపం తీసుకోని ఉరికింది. బుచ్చి తెగిన గాజు ముక్కలను ఒళ్లె వేసుకోని ఏడ్చింది. పట్టీ కట్టి గాలి కొడితె పాదరసం నూట ఎనభై దాకా పోయింది. డాక్టరు వచ్చిండు, సూది వేసిండ్రు, వెలుతురుకు ఫిట్స్ రావద్దని కిటికీలకు దుప్పట్లు కట్టి అర్ర చీకటి చేసిండ్రు. ఇంకో గంటయితె ఏమయ్యేదో అని సిస్టరమ్మ చెమట తుడుచుకోని, వనమాల దిక్కు తిరిగింది. "రేపు మీ ఇంటాయనను తీస్కరా. ఆయన ముందటనే మాట్లాడుత."

ఐదింటి బండి కూత వినపడ్డప్పుడు వనమాల చాందీ పక్కన ఊపిరి లెక్కపెడుతున్నది. బండి తప్పిపోవుడు ఇదే మొదలు. ఇంట్ల ఏమంటరో, రాజలింగం ఏం చేస్తడో తలచుకుంటె లెక్క తప్పింది, మళ్ల మొదటి నుంచి పెట్టింది. లెక్క అయినంక యాదమ్మను పిలిచి, ఆనాడు తన మీద రాసిన కాగితం తెమ్మన్నది. మామూలే అన్న మాటను కొట్టేసింది. రవికె చెయ్యి పైకి జరిపి, వేలు పెట్టి కొలిచి, దాని పక్కన రాసింది: ఎడమ దండ మీద వేలెడు పొడుగు కాలిన మచ్చ. పట్కారుతోని నా మొగడు పెట్టింది.

రేపు ఆయన వస్తె సిస్టరమ్మ ముందట చాందీదీ తనదీ రెండు కాగితాలూ పెడ్తది. కింద పేరు రాసింది. ఈసారి చూసే రాసింది.