తువ్వాల కింది మాట

తాండూరు అవతల ఏటా జరిగే పశువుల జాతరలో బేరం ఇప్పటికీ తువ్వాల కిందే. కొనేవాడు తువ్వాల కింద అమ్మేవాడి కుడిచేతి వేళ్లు పట్టుకుంటాడు. ఒక్కో వేలికి పదివేలు. పక్కవాడికి ధర తెలియదు. ఈమధ్య కొందరు సెల్‌ఫోన్‌లో అంకె నొక్కి చూపిస్తున్నారు గానీ, రాజేశం ముందు ఆ పని చేస్తే తిట్లు తినాల్సిందే. ముప్పై ఏళ్లుగా జాతరకు వస్తున్న మొండిఘటం ఆయన.

ఈసారి మాత్రం ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకొని వచ్చాడు. భాద్రపదంలో చొప్ప కత్తిరించే మిషను ఆయన కుడిచేతి చిటికెన వేలినీ ఉంగరపు వేలినీ మింగేసింది. ఇక నాగలి పట్టలేడు. ఈడు ముదిరిన ఎడ్ల జత యాభై వేలకు పోతే ఓ పాడిబర్రె వస్తుంది. లేకుంటే ఆయనా, భార్య వసంతమ్మా కూలికి పోవాలి. మూడు వేళ్ల మనిషిని కూలికి పిలిచేదెవరు?

పూడూరు వ్యాపారి నిసార్ ఎడ్ల పళ్లు చూశాడు, నడిపించి చూశాడు. తర్వాత రాజేశం చెయ్యి చూశాడు.

"రాజేశమన్నా, ఫోన్ల కొట్టి చూపిస్త తియ్యి."

ఆ జాలికి రాజేశం ఒళ్లు మండింది. "నా చెయ్యి సచ్చిందా? తువ్వాల ఎయ్యి!"

తువ్వాల కింద నిసార్ చెయ్యి వచ్చి పట్టుకుంది. పోయిన వేళ్లు ఇంకా ఉన్నట్టే తోచడం రాజేశానికి మూడు నెలలుగా ఉన్న బాధే. ఇప్పుడూ ఆ రెండూ జివ్వుమన్నాయి. చెయ్యి మొత్తం పట్టాడు, యాభై! సంతోషం పట్టలేక "ఖాయం!" అని అరిచి పగ్గాలు అందించేశాడు.

నిసార్ ముప్పై వేలు చేతిలో పెట్టాడు.

"గిదేంది నిసార్? చెయ్యంత పట్టినవ్ గద!"

"మూడే పట్టిన అన్నా..."

ఇద్దరూ ఆ చెయ్యి వైపు చూశారు. చుట్టూ ఉన్నవాళ్లూ చూశారు. ఒక్కడూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది, తిట్టి బతికేవాడు.

నిసార్ చెడ్డవాడు కాదు. పగ్గాలు తిరిగి చాపాడు. "పరేషాన్ గాకు. సౌదా కాలేదనుకో, తీస్కపో."

"తువ్వాల కింద ఒప్పుకున్న మాట ఎనక్కి పోదు," అన్నాడు రాజేశం. దిక్కుమాలిన పరువు, ఆ పూట కూడా వదల్లేదు.

"అయితే జర ఎక్కిస్త. మళ్ల చెయ్యి పెట్టన్నా."

రాజేశం చెయ్యి తువ్వాల దాకా పోయి ఆగింది.

"ఏం పెట్టాలె భాయ్? ఉన్నయన్ని పట్టినవ్. ఎక్కియ్యనీకి ఇంక వేలేది?"