జీపు అడుగున బెజ్జాలు

కాళంగి నది పొంగి సూళ్లూరుపేట బజార్లోకి నీళ్లొచ్చిన వరద ఉంది చూడండి, ఆ వరద తర్వాతి ఎండాకాలంలో జరిగింది ఇది. నా వెల్డింగ్ షెడ్డు గోడ మీద ఆ బురద చార అప్పటికింకా చెరగలేదు. సముద్రంలో చేపల వేట నిషేధం మొదలై పడవలన్నీ ఒడ్డెక్కిన రోజుల్లో కామాక్షయ్య జీపు నా దగ్గరికి వచ్చింది.

కామాక్షయ్యది శ్రీహరికోటకు ఉత్తరాన సముద్రం పక్క పాళెం. రోడ్డు పాళెం దాకా వస్తుంది గానీ పడవలు దిగే చోటికి పోదు. మధ్యలో ఇసుక దిబ్బలు. ఆటో దిగినా చిన్న లారీ దిగినా చక్రం తిరుగుతుంది, బండి కదలదు. ఆ పాళెంలో నాలుగు చక్రాలూ లాగే ఈ పాత జీపు ఒక్కటే పోతుంది. ఐస్ ఎత్తుకుని పడవల దగ్గరికి, చేప ఎత్తుకుని రోడ్డు దగ్గరికి. కామాక్షయ్యకు చూపు మందగించాక కూతురు స్వర్ణ నడుపుతోంది.

ఆ రోజు కూడా స్వర్ణే తోలుకొచ్చింది. తండ్రి పక్కన కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నాడు. కాళ్ల కింద రేకు లేదు, చెక్క పలక వేసుకున్నారు.

నేను కింద దూరి చాసిస్‌ను సుత్తితో కొట్టాను. మంచి ఇనుమైతే ఖంగుమంటుంది. ఇది అట్టపెట్టెను కొట్టినట్టు పలికింది. వెనక చక్రం దగ్గర సుత్తి లోపలికే పోయింది.

"ఏందన్నా, బతుకుద్దా?" అన్నాడు కామాక్షయ్య.

నేను ఇంకోచోట కొట్టి చూశాను.

"ఈయన్ని ఇప్పుడడిగితే సాయంత్రానికి చెప్తాడు నాయనా," అంది స్వర్ణ. తర్వాత వంగి నాతో అంది: "పెదనాయనా, పాత సామాన్లోడు అప్పుడే కాటా పట్టుకోని మా యింటికాడ తిరగతా ఉండాడు. వేట మొదలయ్యే లోపల ఇది లేవకుంటే పక్క పాళెమోళ్ల ట్రాక్టరు పెట్టుకుంటామని మా పాళెం పెద్దలు చెప్పేసినారు. అప్పుడిక నేను రొయ్యల షెడ్డుకు పోవాల. పొద్దస్తమానం ఐసునీళ్లలో చేతులు పెట్టుకోని వొలిచేది నా వల్ల కాదు. నాకు వచ్చింది ఈ బండి తోలేదే."

"లేస్తాది," అన్నాను.

"ఎప్పటికి?"

"చూడాల."

జీపును దిమ్మెల మీద నిలబెట్టి తుప్పు గీకడం మొదలుపెట్టాను. ఉప్పుగాలి తగిలే బండికి తుప్పు పట్టక మానదు. అయితే అది పైనుంచి తింటుంది. ఇక్కడ పైన రంగు బాగానే ఉంది, లోపలినుంచి తినేసింది. జీపు చాసిస్ లోపల బోలుగా ఉంటుంది. అందులోకి పోయిన నీళ్లు కారిపోవడానికి అడుగున బెజ్జాలు ఉంటాయి. ఆ బెజ్జాలు నాకు కనపడలేదు. వెతికి గీకితే నల్లగా, గట్టిగా ఏదో వచ్చింది. వాసన చూశాను. గుగ్గిలం.

పాత కొయ్య పడవల అతుకుల్లో పత్తి కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పూస్తారు, నీళ్లు రాకుండా. ఆ పని ఎవరో జీపుకు చేశారు. చేసిన చెయ్యి మంచి చెయ్యి. మేకు పెట్టి కొట్టినా ఊడలేదు. డ్రిల్లుతో తొలవాల్సి వచ్చింది. తొలిచేసరికి ఎర్రటి నీళ్లు కారాయి, అంత ఎండల్లో. నీళ్ల వెంట ఇసుక, సన్నటి గవ్వ ముక్కలు. బకెట్ పెట్టాను. నిండింది.

కామాక్షయ్య వచ్చినప్పుడు ఆ బకెట్ చూపించాను.

"ఇదేంది?"

"నీ జీపులోది."

"నీళ్లు యాడనుంచి వచ్చినాయన్నా? బొక్కలన్నీ నా చేత్తోనే కూరినా గదా. మా నాయన కాడ నేర్చిన పని. చుక్క దిగదు."

"దిగదు. పైనుంచి వచ్చినాయి. పోయేదానికి దోవ లేదు."

ఆ మాట అతనికి ఎక్కలేదు. బకెట్ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"బొక్కలు మూయొద్దు ఇంక," అన్నాను.

"నీళ్లొచ్చే తావున బొక్క పెట్టమనే మొనగాణ్ణి నిన్నే చూస్తా ఉండా. మీ దేవుడు నీళ్ల మీద నడిచినాడంట, నీకేం భయం లేదు. మేం మునిగేవాళ్లం అన్నా."

నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. నవ్వితే బెజ్జాలు మూయడానికి ఒప్పుకున్నట్టు అనుకుంటాడు.

తుప్పు తిన్న చోటల్లా ఇనుము కోసేశాను. కోయడం మొదలుపెడితే మెరిసే ఇనుము కనపడేదాకా ఆగకూడదు. పైన రేకు అతికి రంగు కొట్టిస్తే చూడ్డానికి బాగుంటుంది, లోపల తినడం ఆగదు. అలా చేసేవాళ్లున్నారు. వెనక సగం చాసిస్‌కు కొత్త పలకలు వేసి వెల్డింగ్ చేశాను. కాళ్ల కింద కొత్త రేకు వేశాను. స్వర్ణ రోజూ బస్సులో వచ్చి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, తీగ బ్రష్షుతో తుప్పు గీకేది. చేతులు ఆడుతున్నంతసేపూ నోరు కూడా ఆడేది.

"పెదనాయనా, మీరు ఇంట్లో అయినా మాట్లాడతారా?"

"మాట్లాడతా."

"పెద్దమ్మతోనా?"

"ప్రార్థనలో."

ఆ మాటకు ఆ పిల్ల బ్రష్షు వదిలేసి నవ్వింది.

లోపలికీ బయటికీ తుప్పు ఆపే రెడ్ ఆక్సైడ్ పట్టించాను. దాని మీద రంగు వేశాను. బెజ్జాలు వదిలేశాను.

నిషేధం ఆఖరి రోజు వచ్చింది. ఆ రాత్రికి పడవలు వేటకు పోతాయి, తెల్లారితే చేప వస్తుంది. జీపు తీసుకుపోవడానికి ఇంటిల్లిపాదీ వచ్చారు. కామాక్షయ్య, అతని భార్య పోలేరమ్మ, స్వర్ణ. నేను అన్నానికి ఇంటికి పోయి వచ్చేసరికి షెడ్డులో గుగ్గిలం వాసన. మూలన చిన్న గిన్నె కింద పుల్లలు ఆరుతున్నాయి. కామాక్షయ్య జీపు కిందనుంచి బయటికి వస్తున్నాడు. వేళ్లు నల్లగా ఉన్నాయి. మొహం మాత్రం పెళ్లికి పోయేవాడిలా ఉంది.

"తియ్యి," అన్నాను.

"తియ్యను. బండి నాది."

"అతుకులు నావి. కోసుకుంటా."

గ్రైండర్ చేతిలోకి తీసుకున్నాను. స్వర్ణ వచ్చి జీపుకూ నాకూ మధ్య నిలబడింది.

"వద్దు పెదనాయనా. తెల్లారి బండి కనపడకుంటే ట్రాక్టరు వచ్చేస్తాది."

"ఇట్టా పోతే రెండు వానాకాలాలకు మళ్లీ తింటాది. అప్పుడు అతుకు పట్టేదానికి కూడా ఇనుము ఉండదు. అప్పుడు పోతావు నువ్వు రొయ్యల షెడ్డుకు."

ఆ ఎండాకాలమంతా నేను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడింది అప్పుడే. స్వర్ణ తండ్రి వైపు తిరిగింది.

"పుట్టినకాణ్ణించి నీళ్ల మీద ఉండేవాణ్ణి," అన్నాడు కామాక్షయ్య. "నీళ్ల సంగతి నాకు నువ్వు చెప్తావా?"

"ఇనుము సంగతి నాకు నువ్వు చెప్తావా?"

పోలేరమ్మ అప్పటిదాకా తిరగేసిన డబ్బా మీద కూర్చుని ఆకు నములుతోంది.

"మగోళ్లు ఇద్దరూ రోంత గమ్మునుండండి," అంది. "యోవ్, నిన్నే. మీ తమ్ముడి పడవ రెండు నెలలుగా ఒడ్డునే ఉండాది గదా. దాని అడుగు బిరడా యాడ ఉండాది?"

"మనింట్లోనే. చూరులో పెట్టినా."

"పీకి ఎందుకు పెట్టినావు?"

"పీకకుంటే ఎట్టా? వాన పడితే నీళ్లు నిలిచి లోపల చెక్కలు కుళ్లిపోవా? ఒడ్డున ఉండే పడవకు బిరడా పెడతారా ఎవరన్నా?"

"మళ్లీ ఎప్పుడు పెడతావు?"

"ఈ రాత్రి సముద్రంలోకి దించేటప్పుడు."

"మంచిది. ఈ జీపును సముద్రంలోకి ఎప్పుడు దించుతావు?"

కామాక్షయ్య జీపు వైపు తిరిగాడు. జీపును ముందునుంచి చూశాడు, పక్కనుంచి చూశాడు. ఎవరో పరాయివాళ్ల బండిని చూస్తున్నట్టుంది ఆ చూపు. నేను గ్రైండర్ కింద పెట్టాను.

"సన్న ఉలి ఉండాదా అన్నా?" అన్నాడు.

ఇచ్చాను. మళ్లీ కింద దూరాడు. నాకు మేకుతో ఊడనిది అతని చేతికి తాడు పేటలా సాఫీగా ఊడి వచ్చింది. ఒక్కొక్కటే తీసి బయటికి విసిరాడు.

"పడవనుకున్నా గదన్నా," అన్నాడు కిందనుంచి. "ఇన్నేళ్లూ."

"దాన్ని కడిగేది నువ్వే, దానికి పసుపు పూసేది నువ్వే," అంది పోలేరమ్మ. "నాకంటే ఎక్కువ చూసుకున్నావు. అనుకోక ఏం చేస్తావు."

నేను చెంబుతో నీళ్లు తెచ్చి చాసిస్ ముందుకొసన పోశాను. నీళ్లు లోపల్లోపలే పోయి వెనక బెజ్జం నుంచి కారాయి. సరిగ్గా అక్కడే ఉంది అతని మొహం.

"పోతా ఉండాయన్నా," అన్నాడు తుడుచుకుంటూ.

స్వర్ణ నవ్వు ఆపుకోలేక షెడ్డు బయటికి పోయింది. వాళ్లు చీకటి పడకముందే జీపు తీసుకుని వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున నేను షెడ్డు తెరవలేదు. మొదటి బస్సెక్కి పాళెంలో దిగాను. రోడ్డు మీద స్వర్ణ జీపులోకి ఐసు ఎక్కిస్తోంది. ట్రాక్టరు కూడా వచ్చి ఉంది, డ్రైవరు బీడీ తాగుతూ దాని మీదే కూర్చున్నాడు.

"ఎక్కండి పెదనాయనా."

"నడుస్తా."

బరువుతో జీపు ఇసుకలోకి దిగింది. నేను వెనకే, అతుకులు ఏమన్నా కిర్రుమంటాయేమోనని వింటూ నడిచాను. రెండో దిబ్బ దగ్గర ఆగింది. ముందు చక్రాలు కూరుకుపోయాయి. స్వర్ణ చిన్న గేరు లాగింది. జీపు ఒకసారి వణికి, నాలుగు చక్రాలతో ఇసుక తవ్వుకుంటూ పైకెక్కింది. చాసిస్ నుంచి చిన్న శబ్దం కూడా రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే ట్రాక్టరు మొహం మళ్లించుకుని పోతోంది.

అవతల పడవలు వచ్చి ఉన్నాయి. చెప్పులు విప్పి జీపు నీడలో పెట్టాను. మొదటి గంపకు ఒక పక్క పోలేరమ్మ పట్టింది, ఇంకో పక్క నేను పట్టి జీపులోకి ఎత్తాను. నడుము పట్టేసింది. రెండో గంప దగ్గరికి పోయాను.