ఊపిరి తీసుకున్న చోట

"ఖాళీగనే ఉన్నవ్ గదా, జర గీ పాట చూడు," అని తిరుపతి పెన్‌డ్రైవ్‌ను ఉప్పు డబ్బా పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

అప్పుడు సుమన చేతుల నిండా జొన్నపిండి ఉంది. పెనం మీద రొట్టె ఉంది, పక్క పొయ్యి మీద అత్త గోరీ స్నానానికి నీళ్లు కాగుతున్నాయి, బాత్‌రూమ్‌లో బకెట్టెడు బట్టలు నానుతున్నాయి. ఆమెకు ఖాళీ ఏ మూల కనిపించిందో ఆ మహానుభావుడికే తెలియాలి. తిరుపతితో పెళ్లయిన ఐదేళ్లలో ఆ మాట ఎన్నిసార్లు విన్నదో ఆమెకు గుర్తులేదు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత నవ్వు వచ్చేది. ఈమధ్య ఏమీ రావడం లేదు, అదే ఆమెకు భయంగా ఉంది.

పాట చూడటం అంటే ఊరికే చూడటం కాదు. ఎవరో పాడిన పల్లె పాట ఒకటి తెచ్చిస్తాడు. దానికింద కొత్తగా డప్పులు, బాస్ వేయాలి. బరాత్‌లో జనం ఎగిరేటట్టు వేగం పెంచాలి. మధ్యలో నాలుగుచోట్ల డీజే పేరు పలికించాలి. భూపాలపల్లి నుంచి మహబూబాబాద్ దాకా, ఇటు జనగామ దాకా, ఏ పెళ్లి బరాత్‌లో నిలబడ్డా డప్పులు ఒక్క క్షణం ఆగి, ఒక ఆడగొంతు తియ్యగా "డీజే తిరుపతి, ఫ్రమ్ చిట్యాల" అంటుంది. వెంటనే పోరగాళ్లు ఈలలు వేస్తారు. ఆ గొంతు సుమనది. ఆ డప్పులు, ఆ బాస్, ఆ ఆగడం కూడా సుమనవే.

తిరుపతికి ఏమీ రాదంటే అన్యాయమే అవుతుంది. స్పీకర్ బాక్సులు ఎట్లా పేర్చాలో, డీసీఎం వ్యానును ఏ సందులో ఎట్లా తిప్పాలో, జనం అలసిపోతున్నారని ముందే పసిగట్టి ఏ పాట వేయాలో అతనికి బాగా తెలుసు. పాట తయారు చేయడం మాత్రం రాదు. రాదని తెలిసిన మనిషి లోకంలో సుమన ఒక్కతే.

ఆమెకు వచ్చింది మహబూబాబాద్‌లో. డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్ గదిలో, పక్క మంచం అమ్మాయి పాత ల్యాప్‌టాప్ మీద, ఫోన్‌లో వీడియోలు చూస్తూ నేర్చుకుంది. హిప్ హాప్ అంటే ఆమెకు పిచ్చి. నాలుగు సెకన్ల ముక్క ఒకటి పట్టుకుని తిప్పి తిప్పి వేస్తే చాలు, దానిమీద ఎవరైనా తమ గల్లీ గురించి, తమ ఆకలి గురించి తమ మాటలోనే చెప్పుకోవచ్చు. పెద్ద గొంతు అక్కర్లేదు, సంగీతం చదివి ఉండక్కర్లేదు. తండా నుంచి వచ్చిన పిల్లకు అంతకంటే మర్యాద ఇచ్చిన సంగీతం మరొకటి కనిపించలేదు. సంబంధం కుదిరినప్పుడు గోరీ, "మా కోడలికి కంప్యూటరొస్తది," అని ఊరంతా గొప్పగా చెప్పుకుంది. వచ్చాక ఆ కంప్యూటర్‌కూ మిక్సీకీ ఒకటే హోదా దక్కింది, ఇంటికి పనికొచ్చే వస్తువు.

మొదటి పాట ఊళ్లన్నీ తిరిగినప్పుడు ఆమె అడిగింది, "నా పేరు గూడ పెడ్తవా?" అని. తిరుపతి కసురుకోలేదు, చిన్నపిల్లకు చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు. "ఆడామె పేరుంటే బరాత్‌కు ఎవడు పిలుస్తడు సుమనా? ఇంటి ఇజ్జత్ గూడ సూడాలె గదా. అయినా నీ గొంతుంది గదా అండ్ల, ఇంకేం గావాలె?" ఆ మధ్య ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్లు ఇంటర్వ్యూకు వచ్చారు. చప్పుడు బయటికి పోకుండా గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించిన పాటల గదిలో, ఆమె కుర్చీలో కూర్చుని, "నేను కూసుంటె పాట దానంతట అదే వస్తది," అన్నాడు. ఆమె అప్పుడే చాయ్ కప్పుల పళ్లెంతో గుమ్మంలోకి వచ్చింది. కెమెరా అబ్బాయి చెయ్యి ఊపుతూ, "అక్కా, జర పక్కకు," అన్నాడు. ఆమె పక్కకు జరిగింది.

మనీషా వచ్చింది ఆ ఇంటర్వ్యూ చూసే. బొగ్గుగని కార్మికుల క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్ల, పంతొమ్మిదేళ్లుంటాయి. ర్యాప్ రాస్తుంది. "సినిమాల మన మాటను నవ్వుటానికి పెడ్తరన్నా. నేను కోపానికి పెడ్త," అంది. తన నాయిన దగ్గు గురించి, ఆరేసిన బట్టల మీద పడే దుమ్ము గురించి రాసుకున్నది చదివి వినిపించింది. చాయ్ పళ్లెం పట్టుకున్న సుమనకు ఒళ్లు జలదరించింది. జనగామలో ఒక కాలేజీ పండుగకు మనీషాను పిలిచారు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం స్టేజీ మీద పాడాలి. బీట్ కావాలి, వెనక మిషన్ దగ్గర నిలబడటానికి డీజే కావాలి. "స్పీడొద్దు అన్నా. మనిషి నడుసుకుంట మాట్లాడుతున్నట్టు ఉండాలె," అంది.

"నాకిడిసిపెట్టు, అయిపోతది," అన్నాడు తిరుపతి. ఆ పిల్ల గేటు దాటగానే సుమన వైపు తిరిగి, "ఇన్నవ్ గదా," అన్నాడు.

ఆ బీట్ కోసం ఆమెను ఎవరూ బతిమాలాల్సిన పని లేకపోయింది. మధ్యాహ్నాలు అత్త టీవీ ముందు కూర్చోగానే గది తలుపు వేసుకునేది. మూడోరోజు ఏమీ కుదరక, ఫోన్‌లో ఎన్నాళ్లుగానో దాచుకున్న ఒక రికార్డింగ్ తెరిచింది. అది ఆమె యాడి, తల్లి రామి గొంతు. ఢావ్లో పాట.

తండాలో ఆడపిల్ల అత్తగారింటికి బయల్దేరే వేళ పుట్టింటివాళ్ల మెడ పట్టుకుని, ఒక్కొక్కరినీ తలుచుకుంటూ పాడే ఏడుపు పాట అది. పెళ్లికి నెల ముందు నుంచే పెద్ద ఆడవాళ్లు పిల్లకు నేర్పుతారు. సుమనకు ఆ నెలంతా పరీక్షలు. రామి పాడి, ఫోన్‌లో రికార్డు చేసి హాస్టల్‌కు పంపింది. "ఇను బిడ్డా," అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ చెప్పలేదు. సుమన వినలేదు. నిజం చెప్పాలంటే ఆమెకు సిగ్గనిపించింది. స్నేహితురాళ్ల ముందు మెడలు పట్టుకుని రాగాలు తీయడం ఏమిటనుకుంది. తీరా ఆ రోజు నోరు తెరవమంటే ఒక్క ముక్కా రాలేదు. అందరూ చూస్తుండగా కూతురికి బదులు రామే పాడుకుంది. ఏడాది తిరక్కుండానే ఛాతీ జబ్బుతో పోయింది. ఆ రికార్డింగ్‌ను సుమన పూర్తిగా విన్నది దినాలు అయిపోయాకే.

అందులో రామి ఒక వరస పాడి ఊపిరి తీసుకుని ఆగుతుంది. చాలాసేపు ఆగుతుంది. మళ్లీ ఇంకో వరస. మిర్చి కల్లాల్లో ఘాటు పీల్చి పీల్చి అమ్మకు ఊపిరి చాలేది కాదు, అందుకే అంతంతసేపు ఆగింది, అనుకుంటూ సుమన ఎన్నోసార్లు ఏడ్చింది. ఇప్పుడు ఆ ఊపిరి శబ్దాన్నే కోసి, దాన్నే డప్పుగా మలిచింది. అమ్మ ఊపిరి లోపలికి, అమ్మ ఊపిరి బయటికి. దానిమీద అమ్మ గొంతు రెండు వరసలు, మిగతా అంతా మనీషా మాటల కోసం వదిలేసింది. పూర్తయ్యాక హెడ్‌ఫోన్స్ తీసి, చేతుల్లో ముఖం పెట్టుకుని కాసేపు కూర్చుంది. తాను చేసినవాటిలో మంచిదేదో మనిషికి తెలిసిపోతుంది, ఎవరూ చెప్పక్కర్లేదు.

మనీషా వచ్చి విన్నది. మళ్లీ మొదటి నుంచి పెట్టించుకుంది. తిరుపతి ఫోన్ వచ్చి బయటికి వెళ్లినప్పుడు మెల్లగా అడిగింది, "అక్కా, గిది చేసింది ఎవరు?"

"ఆయననే," అంది సుమన.

ఎవరూ పీక మీద కత్తి పెట్టలేదు. ఆ పిల్ల నేరుగా అడిగింది, ఈమె నేరుగా అబద్ధం చెప్పింది. ఐదేళ్ల అలవాటు నోటికి అంత తొందరగా అందింది.

శుక్రవారం మహబూబాబాద్ దగ్గరి తండాలో పెళ్లి. తిరుపతి మేనత్త కూతురు పూజది. బాక్సులు తిరుపతివే, చదివింపు కింద డబ్బు తీసుకోకుండా పెట్టాడు కాబట్టి మనిషి మరింత హుషారుగా ఉన్నాడు. భోజనాలయ్యాక, ఎండ ఇంకా చల్లారకముందే, పిల్లను సాగనంపడానికి ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. ముసలమ్మలు, "పాడు బిడ్డా," అన్నారు. పూజ నేలచూపులు చూసింది. హైదరాబాద్‌లో నర్సింగ్ చదివే పిల్ల. "నాకు రాదే," అంది. ఆ ముఖాన్ని సుమన చూడగానే గుర్తుపట్టింది. తన ముఖమే అది.

"దానికింత పరేషాన్ ఎందుకు? బాక్సుల ఉంది గదా," అని తిరుపతి వ్యాన్ మీద నుంచి నవ్వాడు.

బాక్సులు ఒక్కసారి గర్జించాయి. వేగం పెంచడంతో సన్నబడి, చిన్నపిల్ల గొంతులా కీచుగా మారిన రామి గొంతు గాల్లోకి లేచింది. దానికింద బరాత్ డప్పులు. మగవాళ్లు తువ్వాళ్లు తిప్పుతూ దూకారు. ఫోన్లు పైకి లేచాయి. పెళ్లికూతురు నోరు మూసుకుని మధ్యలో నిలబడి ఉంది. అమ్మ ఒక వరస ఏడ్చి ఆగింది. ఆగిన చోట సుమన గొంతు తియ్యగా పలికింది, "డీజే తిరుపతి, ఫ్రమ్ చిట్యాల." మళ్లీ అమ్మ ఏడుపు. మళ్లీ అమ్మ ఆగిన చోట, తన గొంతుతోనే, మొగుడి పేరు.

సుమన జనాన్ని తోసుకుంటూ వ్యాన్ దగ్గరికి వెళ్లింది. "గిదేంది?" అంది.

"నీకు సర్‌ప్రైజ్," అన్నాడు తిరుపతి. నిజంగానే మెచ్చుకుంటుందనుకున్నాడు పాపం. "మీ యాడి పేరు నిలవెట్టిన. పాట నీ ల్యాప్‌టాప్‌ల దొరికింది, స్పీడు పెంచి నీ పాత డప్పులే కింద అతికిచ్చిన. మంచిగ గ్యాపులున్నయ్ అండ్ల, పేరు పెట్టుటానికి అంత ఖాళీ ఏ పాటల దొరుకుతది?"

ఆమె చెయ్యి చాపి పాట ఆపేసింది. తువ్వాళ్లు గాల్లోనే ఆగాయి. కరెంటు పోయిందా అని ఎవరో అడిగారు. మిక్సర్‌లోని వైరు పీకి తన ఫోన్‌కు పెట్టుకుంది. అంతమందిలో పెళ్లాం చెయ్యి పట్టి లాగలేక తిరుపతి పళ్లు కొరుక్కున్నాడు. ఈసారి రామి గొంతు రామి గొంతులాగే వచ్చింది. కింద డప్పు లేదు, ఏమీ లేదు. ఒక వరస పాడి ఆగింది. అప్పుడు పూజ తన తల్లి మెడ పట్టుకుని, ఇప్పుడు విన్న ఆ వరసనే తిరిగి పాడింది. సరిగ్గా పూర్తి చేసేసరికి బాక్సులో రామి రెండో వరస ఎత్తుకుంది.

"గట్లనే బిడ్డా," అంది గోరీ కళ్లు తుడుచుకుంటూ. కోడలు ఏం చేసిందో, కొడుకు ముఖం ఎట్లా మాడిందో ఆమె చూడటమే లేదు. "ఆమె ఆగిన కాడ నువ్వనాలె. నేర్పేటప్పుడు గట్లనే ఆగుతరు. పిల్ల అందుకునేదాంక ఆగుతరు."

సుమన వ్యాన్ తలుపు పట్టుకుని నిలబడింది. ఊపిరి చాలక కాదు. అమ్మ ఊపిరి చాలక ఆగలేదు. ఎక్కడో హాస్టల్‌లో ఉన్న కూతురు ఒక్కో వరసా తిరిగి అంటుందని, అంతంతసేపు ఆగి, విని, అన్నదనుకుని తర్వాతి వరసకు వెళ్లింది. పాట పొడవునా అట్లా ఆగుతూనే ఉంది. ఇన్నేళ్లూ ఎవరూ అందుకోలేదు. అందుకున్న ఒక్కసారీ తన గొంతు అన్నది మొగుడి పేరు. ఆమెకు ఏడుపు వచ్చింది, ఈసారి కోపం కూడా వచ్చింది. చాలాకాలానికి వచ్చిన ఆ కోపాన్ని గుర్తుపట్టి ప్రాణం లేచొచ్చినట్టయింది. రామి మూడో వరస పాడి ఆగింది. పూజతో పాటు సుమన కూడా అందుకుంది.

ఇంటికి వచ్చేటప్పుడు దారి పొడవునా తిరుపతి మాటలు వింటూనే ఉంది. "నలుగుర్ల నా ఇజ్జత్ తీసినవ్. ఏం తక్కువ చేసిన నీకు?" శనివారం మధ్యాహ్నం అత్త టీవీ ముందు కూర్చున్నాక గది తలుపు వేసుకుని, ల్యాప్‌టాప్‌లో తన గొంతుతో ఆ పేరు పలికిన ఫైళ్లన్నీ వెతికి తీసేసింది. తర్వాత మనీషాకు ఫోన్ చేసింది. "చెల్లే, నీకు అబద్ధం జెప్పిన. ఆ బీట్ చేసింది నేను. రేపు జనగామల నీ ఎనక నేను నిలవడ్త."

"నాకు అప్పుడే తెల్సక్కా. నువ్వు జెప్తవని సూస్తున్న," అంది మనీషా.

ఆదివారం పొద్దున రొట్టెలు చేసి, గిన్నె మీద మూత పెట్టి, ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుంది. హనుమకొండలో బస్సు మారాలి. తిరుపతి కొత్త పెన్‌డ్రైవ్‌తో గుమ్మంలోనే ఎదురయ్యాడు. జనగామకు తానే వెళ్లాలని ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. ముందు సంచిని చూశాడు, తర్వాత ఆమె చెప్పుల్ని.

"సాయంత్రం పార్టీకి మీ యాడి పాటనే గావాలె. పేరు ఫైలు ఏడ వెట్టినవ్? కనవడ్తలేదు."

"తీసేసిన."

"తీసేసినవా? సరే, మల్లొక్కసారి చెప్పు. ఒక్క నిమిషం పని, పాటల ఖాళీ ఉంచిన."

సుమన అతని చేతిలోని పెన్‌డ్రైవ్ తీసుకుని ఉప్పు డబ్బా పక్కన పెట్టింది.

"ఆ ఖాళీ నీది గాదు," అంది. "మా యాడి నా కోసం ఇడిసిపెట్టింది."