కంపు

"స్నానం చేశావా?"

ఆయన గుమ్మంలోనే నిలబడి అడిగాడు, బూట్లు విప్పకుండా. చేశానన్నాను. పొద్దున ఒకసారి, పదకొండింటికి ఒకసారి. "అయితే ఇంకోసారి చెయ్యి. గదంతా కంపు" అన్నాడు. మధ్యాహ్నం భోజనం వంటింట్లో నిలబడే తిని వెళ్లిపోయాడు. పాప పుట్టి అప్పటికి పదకొండు రోజులు.

ఆ కంపు పాలది. పాప తాగదు, పాలు ఆగవు. నైటీ తడుస్తుంది, ఆరుతుంది, మళ్లీ తడుస్తుంది, పులుస్తుంది. ఆయన టైల్స్ షోరూంలో సేల్స్‌మన్. అద్దంలా మెరిసే నేల మీద అంతకంటే మెరిసే చొక్కాతో నిలబడాలి. తన చొక్కాలకు కూడా ఈ వాసన పట్టిందనీ, ఇల్లు కట్టుకుంటున్న ఒకాయన మాటల మధ్యలో రెండడుగులు వెనక్కి జరిగాడనీ పాప పుట్టిన ఐదో రోజున చెప్పాడు. ఆ సాయంత్రమే ఒక ఆకుపచ్చ సబ్బు తెచ్చాడు. ఇటుకంత ఉంది. పౌడరు డబ్బా కూడా తెచ్చాడు. పెళ్లయిన ఆరేళ్లలో నేను అడక్కుండా నాకోసం తెచ్చిన మొదటి వస్తువులు అవి.

ఆ చొక్కాలు ఉతికేదీ ఇస్త్రీ చేసేదీ నేనే. కుట్లు ఇంకా లాగుతున్నాయి. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, ఆయనకు పూటకో మడత నలగని చొక్కా. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ కాలర్లు ఇస్త్రీ చేసేదాన్ని. ఇస్త్రీ చేసిన చొక్కాలను దూరంగా హాల్లో తగిలించమన్నాడు. వాటి మీద నా చేతులు పడ్డాయన్న సంగతి ఆయనకు తట్టలేదు. నేనూ గుర్తు చేయలేదు. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లు చేసే పని అది.

నేను బట్టలుతికే దుకాణంలో పని చేస్తాను. పెద్ద యంత్రాలు నాలుగు, ఇస్త్రీ బల్లలు మూడు. తొమ్మిదో నెల వచ్చేదాకా ఆ యంత్రాలకు పొట్ట ఆనించి నిలబడి పని చేశాను. అక్కడ నన్నెవరూ పేరు పెట్టి పిలవరు. ముక్కు అంటారు. బట్టలు తీసుకున్నప్పుడు ఒక్కోదానికీ గుడ్డ చీటీ గుచ్చుతాం. ఒక్కోసారి అది ఊడిపోతుంది. అప్పుడు మా యజమానురాలు "ముక్కును పిలవండి" అంటుంది. నేను ఆ చొక్కా మెడ దగ్గర వాసన చూసి ఇది ఫలానా మూటలోది అని చెప్పేస్తాను. ప్రతి మనిషికీ మెడ వెనక ఒక వాసన ఉంటుంది. అత్తరు పూసినా, చుట్ట తాగినా దాని కింద అది ఉంటుంది. తప్పు చెప్పింది ఎన్నడూ లేదు. అయితే ఉతక్కముందే చెప్పగలను. వేడినీళ్లలో తిరిగి వచ్చాక చీటీ లేదని తెలిస్తే నేనూ చేతులెత్తేస్తాను. అలాంటి వాటికి గోడ వారగా ఒక అర ఉంది. దాన్ని అనాథల అర అంటాం.

ఇంత తెలిసినదాన్ని, ఆ సబ్బు తీసుకుని నన్ను నేను బట్టను ఉతికినట్టు ఉతుక్కున్నాను. మరక కన్నా వాసన మొండిదని నాకు తెలుసు. పీచుతో రుద్దాను. మెడ, చంకలు, రొమ్ములు. చర్మం ఎర్రబడి మండేదాకా. పైన పౌడరు. రోజుకు మూడుసార్లు.

ఆసుపత్రిలో మూడు రోజులూ పాప రొమ్ము పట్టింది. కళ్లు కూడా తెరవకుండా, గుడ్డిగా తలాడించుకుంటూ వచ్చి పట్టేది. ఇంటికొచ్చి సబ్బు వచ్చాక మానేసింది. నోరు తెరుస్తుంది, దగ్గరకొస్తుంది, మొహం అటు తిప్పేస్తుంది. మళ్లీ వెతుకుతుంది. ఇంటికెళ్లే దారి తెలిసీ ఇల్లు కనిపించనిదానిలా ఏడుస్తుంది. ఏడ్చి ఏడ్చి, అలిసిపోయాక ఆకలికి ఓర్చుకోలేక నాలుగు గుటకలు వేసి నిద్రపోతుంది. పాలు పడలేదంది అత్తయ్య. అంటున్నప్పుడు నా నైటీ మీంచి పాలు కారి నేల మీద పడుతున్నాయి. ఆవిడ వాటిని గుడ్డతో తుడిచి మరీ అంది.

పదకొండో రోజు సాయంత్రం ఇళ్లకు తిరిగే నర్సు వచ్చింది. త్రాసు గుడ్డలో పాపను వేలాడదీసి చూసి, పెదవి విరిచింది. పుట్టినప్పటికన్నా తగ్గింది. గురువారం మళ్లీ వస్తాననీ, అప్పటికీ పెరగకపోతే సీసా పాలు మొదలుపెట్టాల్సిందేననీ చెప్పింది. అప్పుడే షోరూం నుంచి వచ్చిన ఆయన, అది మంచిదేగా అన్నాడు. అత్తయ్య కూడా అంతా ఆలోచించి పెట్టుకుంది. సీసాకు అలవాటైతే పాప ఎవరి దగ్గరైనా ఉంటుంది. మా ఆడపడుచు ఇంట్లో ఉంచొచ్చు, ఆవిడకు పిల్లలంటే ప్రాణం. నేను నెలాఖరుకే పనిలో చేరొచ్చు. వారానికోసారి వెళ్లి చూసి రావచ్చు. "ఇల్లు ఇల్లులా ఉంటుంది" అన్నాడు ఆయన. సీసా పాలు తాగిన పిల్లలు పెరగరని నేననను. సీసా వెనకాల నా బిడ్డను పంపించేస్తారని నాకు అర్థమైంది. కాదనడానికి నా దగ్గర ఏముంది? పాలివ్వలేని రొమ్ములు రెండు.

వాతావరణం తేలిక చేయడానికనుకుంటాను, నర్సు పిల్లల గురించి ఏవో చెప్పింది. ఈ వయసులో కళ్లు జానెడు, మూరెడు దూరం దాటి స్పష్టంగా చూడవట. చెవులు మాత్రం కడుపులో ఉన్నప్పుడే పనిచేస్తాయట. అప్పుడు విన్న గొంతులు గుర్తుంటాయట. "మీరు పిలవండి సార్, చూద్దాం" అంది. ఆయన మొహమాటపడి, గొంతు సవరించుకుని పిలిచాడు. పాప ఏడుస్తూనే ఉంది. ఇంకో రెండుసార్లు పిలిచాడు. నేను కడుపుతో ఉన్నప్పుడు ఆయన ఇంట్లో మాట్లాడింది ఫోనుతోనే. ఇంతలో పెరట్లో మా పాత వాషింగ్ మెషిన్ నీళ్లు వదిలి గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. పాప టక్కున ఏడుపు ఆపింది. తల అటు తిప్పింది.

"సార్, పాపకు నాన్నెవరో తెలిసిపోయింది" అంది నర్సు.

అత్తయ్య కూడా నవ్వింది. ఆయన నవ్వలేదు. నాకు నవ్వొచ్చింది గానీ కుట్లు నొప్పి పుట్టి ఆపుకున్నాను.

మర్నాడు పొద్దున అత్తయ్య మంచం కింద ఊడుస్తూ ప్లాస్టిక్ సంచి ఒకటి బయటికి లాగింది. మూతి విప్పి, మొహం పక్కకు తిప్పుకుని నా ఒళ్లోకి విసిరింది. ఆసుపత్రిలో మూడు రోజులు వేసుకున్న నైటీ. ఉతకడం మరిచిపోయాను. బట్టలుతికి బతికేదాని ఇంట్లో ఇదా అంది. తప్పే. ఉతకాల్సిన వాటిలో వేద్దామని పాప పక్కన మంచం మీద పెట్టి, బకెట్ కోసం లేచాను. పాప ఏడుస్తోంది. నేను తిరిగి వచ్చేసరికి ఏడవడం లేదు. మొహం ఆ నైటీ వైపు తిప్పి, మెడ సాచి, దాని అంచు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

నైటీ తీసి రెండో పక్కన పెట్టాను. కాసేపు వెతుక్కుంది. తర్వాత ముక్కు ముందు, నోరు తర్వాత అటు తిరిగింది. ఇంకో ఉతికిన నైటీ తెచ్చి అలాగే పెట్టి చూశాను. అటు పోలేదు. మళ్లీ పాతది పెట్టాను. మళ్లీ తిరిగింది. బకెట్ పక్కన నేల మీద కూలబడ్డాను. ఆ గుడ్డ తీసి నేను వాసన చూశాను. పులిసిన పాలు, మందులు, చెమట. వాటన్నిటి కింద ఇంకొకటుంది. అది నాది. ఊళ్లో అందరి వాసనా తెలుసు గానీ నా వాసన నాకెప్పుడూ తెలియదు. నా బిడ్డకు తెలుసు. ఇన్ని రోజులుగా మెడ దగ్గర ముక్కు పెట్టి వెతుకుతోంది, నేను ఎవరి మూటలోదాన్నోనని. చీటీ ఊడబీకింది నేనే.

ఆ నైటీ తొడుక్కున్నాను. రొమ్ముల మీద పౌడరు మామూలు నీళ్లతో తుడుచుకుని, పాపను పెట్టుకున్నాను. అప్పటికప్పుడు పట్టలేదు. సబ్బు వాసన ఇంకా ఉంది. మధ్యాహ్నం దాకా అలాగే ఒళ్లో వేసుకుని కూర్చున్నాను. వంట అత్తయ్య చేసుకుంది. చొక్కాలు తీగ మీదే ఉన్నాయి. మూడింటికి పట్టింది. గుటక చప్పుడు గదంతా వినిపించింది.

అలా కూర్చున్నప్పుడు నాన్న గుర్తొచ్చాడు. ఆయన బడిపంతులు. ఇంట్లో ఎవరైనా కంపు అంటే, పాపం ఆ మాట చేసిన తప్పేముంది అనేవాడు. పాత పుస్తకాల్లో కంపు అంటే పరిమళమట. పువ్వులకూ గంధానికీ వాడేవారట. మనుషులు పీల్చి పీల్చి, మొహం చిట్లించి చిట్లించి దాన్ని ఇలా చేశారని చెప్పేవాడు. అప్పుడది ఎందుకూ పనికిరాని సంగతి అనుకున్నాను.

రెండో రోజుకే అత్తయ్య కనిపెట్టింది. సబ్బు అరగలేదు. "నువ్వు స్నానం చెయ్యడం లేదు" అంది. ఒట్టి నీళ్లు పోసుకుంటున్నానని చెప్పి, నైటీ సంగతీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ గుమ్మానికి ఆనుకుంది.

"మీ మావయ్యకీ వాసన పడేది కాదు" అంది. "కర్పూరం అరగదీసి రాసుకోమనేవారు. నీ మొగుడు మూడో వారానికే డబ్బా పాలకి అలవాటు పడ్డాడు. నేనెత్తుకుంటే ఏడ్చేవాడు. పనమ్మాయి ఎత్తుకుంటే ఊరుకునేవాడు."

అత్తయ్యా, మరి నాకెందుకు చెప్పలేదు అని అడిగాను. "చెప్పడానికేముంది. వాడు పెరిగాడుగా" అంది. కళ్లు పొడిగానే ఉన్నాయి. మోకాళ్లు పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆవిడ మీద నాకు జాలి కలగాలి. కలగలేదు. తను పడ్డ గోతిలోకి నేను నడుస్తుంటే, దారిలో పడ్డ పాలు తుడుస్తూ కూర్చుంది.

గురువారం పొద్దున మా యజమానురాలు పాపను చూడ్డానికి వచ్చింది. నువ్వు లేక అనాథల అర పొంగిపోతోంది ముక్కూ, మొగాళ్ల చొక్కాలే ఓ గుట్ట ఉన్నాయి అంది. ఆయన విడిచిన చొక్కాలు మూడు రోజులవి బుట్టలో పడి ఉన్నాయి. మూట కట్టి ఇచ్చాను. ఆవిడ సంచిలోంచి చీటీ తీయబోయింది. వద్దన్నాను. ఉతకొద్దనీ, ఆ గుట్టలో కలిపెయ్యమనీ చెప్పాను. ఆవిడ నా మొహం చూసి, మూట చంకలో పెట్టుకుని వెళ్లింది.

పదకొండింటికి నర్సు వచ్చింది. త్రాసు ముల్లు పుట్టినప్పటి గీత దాటింది. ఆమె రెండోసారి తూచింది. "ఏం చేశావమ్మా?" అంది. సబ్బు మానేశానన్నాను. ఆమె పాపను నాకందించి, కడుపులో ఉమ్మనీటి వాసనా రొమ్ము వాసనా ఇంచుమించు ఒకటేననీ, పిల్లలు ఆ తాడు పట్టుకునే వస్తారనీ చెప్పింది. ముందే అడగాల్సింది నేను అని తనను తాను తిట్టుకుంది. సీసా మాట ఎత్తలేదు. అత్తయ్య కూడా ఎత్తలేదు.

మధ్యాహ్నం ఆయన వచ్చాడు. పాప బరువు పెరిగిందని అత్తయ్య చెప్పింది. మంచిది అన్నాడు. గుమ్మం దాటలేదు. జేబురుమాలు ముక్కు దగ్గర పెట్టుకుని, "పెరిగిందిగా, ఇంక శుభ్రంగా స్నానం చెయ్యొచ్చుగా. ఈ కంపులో ఎలా ఉంటున్నావో" అన్నాడు.

"నాకు బాగానే ఉంది" అన్నాను.

ఆయన హాల్లోకి వెళ్లాడు. ఖాళీ హ్యాంగర్లు ఒకదానికొకటి తగిలిన చప్పుడు. తిరిగి వచ్చి, చొక్కాలేవి అని అడిగాడు. సాయంత్రం షోరూంకి కంపెనీ పెద్దాయన వస్తున్నాడట, తెల్లది కావాలట. దుకాణానికి ఇచ్చేశానన్నాను. చీటీ అడిగాడు. చీటీ లేదన్నాను. గోడ వారగా అరలో ఉన్నాయి, ఉతకలేదు, వెళ్లి మీవి మీరు ఏరుకోండి అన్నాను.

ఆయనకు కోపం రావడానికి ముందు అర్థం కావాల్సి వచ్చింది. అందుకు కొంచెం సమయం పట్టింది.

"చీటీ లేకుండా అంత గుట్టలో నా చొక్కా ఏదో నాకెలా తెలుస్తుంది?"

పాప తాగడం ఆపి, ఒక్క క్షణం ఊపిరి తీసుకుని, కళ్లు మూసుకునే మళ్లీ పట్టింది.

"వాసన చూసి. పద్నాలుగు రోజుల పిల్లకు తెలిసింది" అన్నాను.