ఆర్కిడ్ కాడ ఎవరు విరిచారు?

కాడ విరిగింది. పైభాగం సన్నటి పొరను పట్టుకుని వేలాడుతోంది. దానికి నాలుగు పూలుండాలి. మూడే ఉన్నాయి.

సబియా కిటికీ ముందు కదలకుండా నిలబడింది. పద్దెనిమిది నెలలు వట్టి ఆకులే చూసుకుంటూ పెంచిన ఆర్కిడ్. తొలిసారి పూసి వారమే అయింది.

ఇంటి తాళంచెవులు మూడు. ఒకటి తన దగ్గర. రెండోది భర్త అజ్మతుల్లాది. అతను తెల్లవారకముందే శ్రీసిటీ ఫ్యాక్టరీ బస్సెక్కేశాడు. తను బజారుకు వెళ్లొచ్చేలోపు ఇల్లు ఊడ్చి పోయింది మూడో తాళంచెవి మనిషి. ఆరేళ్లుగా పనిచేస్తున్న వరదమ్మ.

మొన్ననే అడిగింది కదా, "ఈ పువ్వు కొప్పులో పెడితే ఎన్ని దినాలుంటాదమ్మా?" అని!

సబియా ఫోన్ చేసింది. పది నిమిషాల్లో వరదమ్మ వచ్చింది. తలకు తువ్వాలు గట్టిగా చుట్టుకుని ఉంది.

"పొద్దన దీన్ని చూసినావా?"

"చూసినా. నేను ఊడ్చేటప్పటికే వాలిపోయి ఉండాది."

"మరి నాకెందుకు చెప్పలా?"

"చెప్తే నన్నే అంటావని."

జవాబు మరీ తొందరగా వచ్చింది. సబియా కళ్లు తువ్వాలు మీద నిలిచాయి.

"నాలుగో పువ్వు యాడ?"

"నాకేం తెల్సు?"

"తువ్వాలు తియ్యి."

"ఆరేండ్లమ్మా..."

"తియ్యమంటాండా గదా. లేదంటే రేపట్నించి పనికి రావద్దు."

వరదమ్మ తువ్వాలు లాగేసింది. తడి జుట్టు వీపు మీద పడింది. పువ్వు లేదు. రోజూ పెట్టుకునే మల్లెలు కూడా లేవు.

"ఇంగో గంటలో కొండకు పోతాండా. తలకు పోసుకోని అట్నే వచ్చినా. కొండమీద ఆడోళ్లు పూలు పెట్టుకోరని తిరపతిలో పుట్టిన నీకు తెలీదా? ఆడ పూలన్నీ సామివే."

తెలుసు. చిన్నప్పటి నుంచీ తెలుసు. సబియా తల దించుకుంది. కిటికీ కింద మగ్గం పని డబ్బా తెరిచి ఉంది. జరీ ఉండల మధ్య నాలుగో పువ్వు పడి ఉంది.

వరదమ్మ వంగి, విరిగిన చోట వేలు పెట్టింది. కత్తి కోత కాదు, చేత్తో తుంచిందీ కాదు. కాడ చుట్టూ సన్నటి గాడి. వేలికి బంగారు మెరుపు అంటింది.

"దీన్ని జరీతో కట్టిందెవరు?"

సబియాకు గుర్తొచ్చింది. మూడు రోజుల కిందట కాడ వంగుతోందని, జాకెట్టుకు కుట్టే జరీ తెంచి, కుండీలో గుచ్చిన పుల్లకు బిగించింది తనే.

"పూలు కట్టేదానికి అరటినార ఎందుకనుకున్నావు? దారం కాడను కోస్తాది. జరీ అయితే ఇనప తీగ మాదిరే!"

సబియా కత్తెరను వేడినీళ్లలో ముంచి తుడిచింది. గాయానికి దిగువన, పచ్చగా ఉన్న కణుపుకు కాస్త పైన కత్తిరించింది. కుళ్లకుండా కోతకు దాల్చినచెక్క పొడి అద్దింది. కణుపు బతికుంటే మళ్లీ కొమ్మ వేస్తుంది. కొన్ని నెలలు పట్టొచ్చు.

"తప్పయిపోయింది వరదమ్మా. కొండ దిగినాక వస్తావు గదా?"

వరదమ్మ తువ్వాలు మళ్లీ చుట్టుకుంది. కొంగుకు కట్టుకున్న తాళంచెవి విప్పి కుండీ పక్కన పెట్టింది.

"వస్తా. ఇది మాత్రం నీ దగ్గరే ఉండనీ. వచ్చి తలుపు కొడతా. నేను ఊడుస్తా ఉంటా, నువ్వు కూర్చోని చూస్తా ఉండు."