బోడికారు బేరం

ఎర్రిస్వామి నలభై ఏళ్లు సంతలో ఎద్దులు అమ్మించాడు. అమ్మేదీ ఆయన ఎద్దు కాదు, కొనేదీ ఆయన కాదు. మధ్యన నిలబడి ఇద్దరినీ ఒప్పించడమే ఆయన పని. భుజమ్మీది తువ్వాలను చేతుల మీద కప్పి, దాని కింద అవతలివాడి వేళ్లు పట్టుకుని, పక్కనున్నవాడికి కూడా తెలియకుండా ధర తేల్చేవాడు. బేరాల ఎర్రిస్వామి అన్న పేరు ఇప్పటికీ ఉంది, ఎద్దులే లేవు. విడపనకల్లు చుట్టుపక్కల ఏ చేలో చూసినా ట్రాక్టర్లే. అరవై నాలుగేళ్ల మనిషి, తెల్ల పంచె మాసిపోకుండా టీ అంగడి బల్ల మీద కూర్చుని పొద్దు పుచ్చుతున్నాడు. చేను పని మాత్రం ఏనాడూ ఎరగడు.

అట్లాంటి మనిషికి మళ్లీ ఒక బేరం వచ్చింది. అప్పజెప్పింది సొంత అక్క, అమ్మవలసింది కారు.

అక్క పేరు చిన్నక్క. పిల్లల్లేరు, మొగుడు ఈరప్ప పోయి మూడేళ్లయింది. ఈరప్ప ఒక నూనె మిల్లు సావుకారి దగ్గర డ్రైవరు. ఆ సావుకారికి మంచి రోజుల్లో సరదా పుట్టి బెంగళూరులో ఒక పాత విలాయతీ స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఇద్దరికే చోటు, పైన కప్పు లేదు. ఊళ్లో దాన్ని బోడికారు అన్నారు. వానలు మొహం చాటేసి, శనక్కాయ రాక మిల్లు మూతపడ్డాక, సావుకారి ఆ కారునూ కాగితాలనూ ఈరప్ప పేరుకు మార్చేశాడు. అప్పటికే అది కదలడం మానేసింది. బాగు చేయిస్తా, బాగు చేయిస్తా అంటూ ఈరప్ప ఇరవై రెండేళ్లు రేకుల కొట్టంలో దాని దుమ్ము తుడిచాడు. తుడుస్తూనే పోయాడు.

చిన్నక్కకు కారు మీద మమకారమూ లేదు, కోపమూ లేదు. ఆమెకు కావలసింది ఒక్కటే, కూలికి పోవడం మానడం. ఊహ తెలిసినప్పటి నుంచీ ఒకరి చేలో కలుపు తీస్తూనే ఉంది. అరవై ఏడేళ్లకు నడుము మొరాయించింది. వంగితే లేవలేదు, లేస్తే వంగలేదు.

"కారమ్మి ముప్పై నలభై గొర్రెలు కొని కాపరికి పాలుకిస్తే నా వాటా నా తిండికి అయితాది. ఇంట్లో పండుకుంటా ఎర్రిసామీ. ఇంగ నాకు చాతగాదు" అంది.

పక్కింటి త్రివేణి ఆ కారును ఫోనులో ఫొటోలు తీసి అమ్మకానికని ఎక్కడో పెట్టింది. రెండో రోజే బెంగళూరు నుంచి జయచంద్ర అనే ఆయన ఫోను చేశాడు. మూలం హిందూపురమట. పాత కార్లు కొని బాగు చేయించి పెట్టుకోవడం ఆయనకు పిచ్చి. తుప్పు లేదు కదా అని నాలుగుసార్లు అడిగాడు. మన సీమలో వాన రాకపోవడం వల్ల బాగుపడింది ఏదైనా ఉందంటే అది ఆ ఇనుమే. ఫొటోలో ఉన్నట్టే ఉంటే ఆరు లక్షలిస్తాను, ఆదివారం వస్తాను అన్నాడు జయచంద్ర.

ఆరు లక్షలు అనగానే ఎర్రిస్వామిలో పాత బేరగాడు లేచి కూర్చున్నాడు. బేరం ఆడకముందే ఆరన్నవాడు, సరుకు కళకళలాడుతుంటే ఎనిమిదికి రాడా? అక్కకు ఎనభై గొర్రెలు కొనిపెట్టాలని ఆ క్షణానే నిర్ణయించుకున్నాడు. పాపం, ఆ నిర్ణయంలో స్వార్థం ఇసుమంత కూడా లేదు. అదే వచ్చిన చిక్కు.

శుక్రవారం పొద్దున్నే, ట్రాక్టరు ట్రాలీలకు రంగులేసే నరేంద్రను వెంటబెట్టుకుని వచ్చాడు.

"దాన్నట్లే ఉండనీరా. ఆ ఫొటోలు జూసే కదా ఆయప్ప వస్తాండేది" అంది చిన్నక్క, నడుముకు కట్టు బిగించుకుంటూ.

"నీకు తెల్దక్కా. దుమ్ము కొట్టుకపోయిన ఎద్దును సంతకు తోలుకపోతే ఎవురు ముట్టుకుంటారు? కొమ్ములు చివ్వి, నూనె రాసి, రంగు పూస్తేనే కొనేవాని కండ్లు నిలిచేది."

చిన్నక్క కట్టు బిగించడం ముగించింది. కూలికి వేళయింది, పోయింది.

రెండు రోజులు కొట్టంలో పని జరిగింది. వెలిసిపోయిన పాత రంగును గీకి, పుట్టీ పెట్టి, ఎర్ర ఎనామిల్ కొట్టారు. పగిలిన తోలు సీట్లు పీకేసి కొత్త రెక్సిను వేశారు. ఇంజను మూత ఎత్తినప్పుడు దాని వెనక రేకు మీద ఏవో అంకెలు, అక్షరాలు పొడిచినట్టు కనిపించాయి, మసిబారి, వంకరటింకరగా.

"ఇదేందప్పా, వాతలు పెట్టినట్లుండాది!" అన్నాడు ఎర్రిస్వామి.

రోగానికి పెట్టిన వాత ఎద్దు ఒంటి మీద కనబడితే బేరం చెడినట్టే. సంతకు ముందు దాన్ని నూనెతో, మసితో మాయం చేయడం ఆయనకు చేతనైన విద్య.

"నంబరేమోన్నా" అన్నాడు నరేంద్ర.

"నంబరు వెనకాల ప్లేటు మీద ఉండాది కదప్పా. ఒగ బండికి ఎన్ని నంబర్లు కావాల? నున్నగ చేసెయ్."

నరేంద్ర గ్రైండరు పెట్టాడు. పైన పుట్టీ, ఆ పైన ఎరుపు. వేలు పెట్టి రాసి చూసుకుని ఎర్రిస్వామి మురిసిపోయాడు.

ఆదివారం పదిగంటలకు జయచంద్ర వచ్చాడు. నలభై ఐదేళ్లుంటాయి, మాట మెత్తన. నవ్వుతూ కారు దిగినవాడు కొట్టం గడప దగ్గర ఆగిపోయాడు. ఎర్రిస్వామి ఉతికిన తువ్వాల భుజాన వేసుకుని సిద్ధంగా ఉన్నాడు.

"ఇది... ఆ కారేనా పెద్దాయనా?"

"అదే సామీ! యెట్లుండాది చూడండి. రంగు వాసన గూడా ఇంగా పోలేదు."

జయచంద్ర లోపలికి వచ్చాడు. చుట్టూ ఒకసారి తిరిగి, సీటు తాకి, పాత సీట్లు యాడ అని అడిగాడు. పొయ్యిలోకి పోయినాయన్నాడు ఎర్రిస్వామి. మొహం చూసి బేరగాడికి అనుమానం రావలసింది. ధర తగ్గించడానికి కొనేవాడు వేసే వేషం అనుకున్నాడు. నలభై ఏళ్లుగా చూసిన వేషమే కదా.

జయచంద్ర కాగితాలు అడిగాడు. చిన్నక్క పెట్టెలోంచి తెచ్చిచ్చింది. ఆయన కాగితం మీది ఛాసిస్ నంబరు మీద వేలుంచి, ఇంజను మూత ఎత్తి, ఆ వెనక రేకు మీద చెయ్యి పెట్టాడు. అటు జరిపాడు, ఇటు జరిపాడు. నున్నగా ఉంది.

"ఈడ నంబరుండల్ల" అన్నాడు.

ఎర్రిస్వామి చెప్పాడు. మొదట హుషారుగా మొదలుపెట్టాడు గానీ, వాతల మాట వచ్చేసరికి ఎదుటివాడి మొహం చూసి గొంతు సన్నబడింది.

"పాత రంగు పోతే పోనీ పెద్దాయనా, ఈ ఎరుపు గీకించుకుంటా" అన్నాడు జయచంద్ర. ఆయన గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "కాగితంలోని నంబరు బండి మీద లేకపోతే నా పేరుకు యెవురూ మార్చరు. గ్రైండరు పెట్టినారంటే దొంగబండి అంటారు. దీన్నింగ నేను రోడ్డెక్కించలేను. నా దగ్గర ఇట్లాందే ఇంగోటుండాది, దానికి సామాన్లుగా పనికొస్తాది. అంతే."

ఎర్రిస్వామి చేతులు వాటంతటవే తువ్వాలను తీసి ముందుకు పట్టాయి. అదేమిటో జయచంద్రకు అర్థం కాలేదు. చెమట తుడుచుకోవడానికనుకున్నాడు కాబోలు, అక్కర్లేదన్నట్టు తల ఊపి, ధర పైకే చెప్పేశాడు. తొంభై వేలు. గుమ్మంలో నిలబడిన అక్కకు వినబడింది. గోడవతల త్రివేణికీ వినబడింది.

"తీస్కపోండప్పా" అంది చిన్నక్క.

"అక్కా, ఆగక్కా! ఇంగోడొస్తాడు" అన్నాడు ఎర్రిస్వామి.

"యెవురొస్తే మాత్రం ఆ నంబరొస్తాదా?"

ఎర్రిస్వామి తువ్వాలను మడిచి భుజాన వేసుకున్నాడు.

సాయంత్రానికి లారీ వచ్చి కారును ఎక్కించుకుపోయింది. తొంభై వేలకు వచ్చేవి తొమ్మిదో పదో గొర్రెలు. అంత కొద్ది మందను కాపరి పాలుకు కూడా తీసుకోడు. ఖాళీ కొట్టం ముందు కూర్చున్న ఎర్రిస్వామికి తన మీద తనకే అసహ్యం వేసింది. వద్దని అక్క చెప్పింది. ఒక్కమాటే చెప్పింది, స్పష్టంగా చెప్పింది. నలభై ఏళ్ల తెలివి అడ్డమొచ్చి ఆ మాట చెవికెక్కలేదు.

"తిట్టక్కా. నాలుగు తన్ను, పడతా" అన్నాడు.

"తిట్టేకి ఓపిక లేదురా. సంగటి ఉండాది, తిని పో."

తిడితే బాగుండేది. సంగటి ముద్దను పళ్లెంలోనే వదిలి లేచాడు.

సోమవారం తెల్లారగానే చిన్నక్క ఇంటి ముందు కూలీల ఆటో ఆగింది. ఆరుగురు ఆడవాళ్లు, పక్క ఊరి మిరప తోటలో కలుపు. చిన్నక్క తలకు గుడ్డ చుట్టుకుని, ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని మెట్టు దిగుతోంది. అప్పటికే ఎర్రిస్వామి పాత లుంగీ కట్టుకుని గడప ముందు నిలబడి ఉన్నాడు.

"నువ్వుండు. నీ బదులు నేను పోతా" అన్నాడు.

ఆటోలో ఒకామె నవ్వింది. "బేరగాడు కలుపుకొస్తాడంటనే!"

రాత్రంతా ఆలోచించుకుని వచ్చిన మాటే అది. మనస్ఫూర్తిగా అన్నదే. అయినా, వద్దులేరా, నీకు చాతగాదు, నేనే పోతా అంటుందని లోపల ఎక్కడో ఆశ ఉండింది. అక్క ఎప్పుడూ అట్లాగే అంటూ వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఆయన చేయవలసిన పనులన్నీ ఆ మాటతోనే ఆమె మీదికి పోయాయి.

చిన్నక్క తమ్ముణ్ణి ఒక క్షణం చూసింది. సద్ది టిఫిను ఆయన చేతికిచ్చింది.

"మిరప మొక్కలు ఇంగా చిన్నగా ఉండాయి. చూసి పీకు" అంది.

అంతే. తలగుడ్డ విప్పుకుంటూ లోపలికి పోయి, చాప పరుచుకుని పడుకుంది. డ్రైవరు హారను కొట్టాడు. ఆడవాళ్లు నవ్వుతూనే ఇంత చోటిచ్చారు, ఎర్రిస్వామి ఎక్కాడు.