తొమ్మిదో కాలమ్

సిద్దిపేటలో బ్యాంకు లోనుతో వ్యాపారం పెట్టాలనుకున్న నిరుద్యోగులు ముందుగా మొక్కింది ఏ దేవుడికో కాదు, కాశీనాథం టైపు మిషన్‌కు. పాత బస్టాండు దగ్గర మేడ మీద ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పొద్దున, సాయంత్రం పిల్లలకు టైపు నేర్పేవాడు. మధ్యాహ్నం ప్రాజెక్టు రిపోర్టులు కొట్టేవాడు. ఏం వ్యాపారం, ఎంత పెట్టుబడి, ఎంత లాభం అంటూ బ్యాంకువాళ్లు అడిగే కాగితాలన్నమాట. సోడా మిషన్ కానీ, టెంట్‌హౌస్ కానీ, కోళ్ల ఫారం కానీ, పేరు మార్చి అదే రిపోర్టు ఇచ్చేవాడు. తొమ్మిదో కాలమ్‌లో 'ఈ ప్రాంతంలో పోటీ ఉన్నదా?' అని ఉంటుంది. అక్కడ కళ్లు మూసుకుని 'లేదు' అని కొట్టేవాడు. ఒకే వీధిలో నాలుగో టెంట్‌హౌస్‌కు కూడా పోటీ లేదని కొట్టాడంటే, మహానుభావుడి ధైర్యం ఎంతటిదో చూడండి.

తొంభై ఆరో సంవత్సరం వచ్చేసరికి ఆయన కాళ్ల కిందికే నీళ్లొచ్చాయి. ఎనిమిది మిషన్లకు ముగ్గురే పిల్లలు మిగిలారు. మిగతావాళ్లు కంప్యూటర్ నేర్చుకోవడానికి హైదరాబాదు బస్సెక్కుతున్నారు.

"ఊరందరికి రాసిచ్చిన్రు. మనకొక్కటి రాసుకోరాదుండ్రి" అంది భార్య జ్ఞానేశ్వరి.

ఆ మాట కాశీనాథానికి నచ్చింది. రెండు కంప్యూటర్లు కొని నేర్పితే చాలు, ఇన్‌స్టిట్యూట్ బతుకుతుంది. నలభై ఎనిమిదేళ్ల మనిషి కాలేజీ గేటు ముందు నిలబడి, ఎవరెవరు నేర్చుకుంటారో పేరుపేరునా అడిగి రాసుకున్నాడు. దగ్గరి ఊరు కొండపాక నుంచి ఎందరు వస్తారో, కరెంటు ఎన్ని గంటలు ఉంటుందో కనుక్కున్నాడు. పదిహేనేళ్లలో నిజంగా కష్టపడి రాసిన రిపోర్టు అదొక్కటే. తొమ్మిదో కాలమ్‌లో 'లేదు' అని కొట్టాడు. ఈసారి అది కూడా నిజమే. సిద్దిపేటలో అప్పటికి కంప్యూటర్ సెంటరే లేదు.

బ్యాంకు మేనేజర్ గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చినవాడు. కాగితాలు తిప్పుతూ తొమ్మిదో కాలమ్ దగ్గర ఆగాడు.

"ఈ 'లేదు' నేను చాలాసార్లు చదివానండీ. పోటీ లేదన్న నాలుగు టెంట్‌హౌసుల్లో మూడు మూతపడ్డాయి. అవన్నీ మీరు కొట్టినవే కదా?"

"గిది మాత్రం నిజం సార్."

"అంటే అవి అబద్ధాలనేగా?"

కాశీనాథం కాలేజీ పిల్లల పేర్లు రాసుకున్న కాగితం తీసి ముందు పెట్టాడు.

"పైగా మీరు పూచీ పెట్టడానికి ఇల్లూ లేదు, పొలమూ లేదు. నేనేం చూసి ఇవ్వనండీ?" అంటూ మేనేజర్ కాగితాలు వెనక్కి జరిపాడు.

అంతే. ఇంటికి వెళ్లి భార్యకు ఏం చెప్పాలో తెలియక ఆయన ఇన్‌స్టిట్యూట్‌లోనే పొద్దుపోయేదాకా కూర్చున్నాడు. రిపోర్టును చింపడానికి మనసొప్పలేదు. డ్రాయర్‌లో పెట్టాడు.

పది రోజులకు పాత శిష్యుడు చంద్రశేఖర్ వచ్చాడు. కొండపాకలో పదెకరాలున్న రైతు కొడుకు.

"సార్, కంప్యూటర్ సెంటర్ పెడుతున్న. మీ కింది జాగనే కిరాయికి తీస్కున్న. బాపు భూమి కాగితాలు పెడుతుండు. రిపోర్టు మీ చేతితోనే కొట్టించాలని వచ్చిన."

ఆ పిల్లవాడి ముఖంలో కపటమేమీ లేదు. గురువు చేతి చలువ మీద నమ్మకంతో వచ్చాడు, అంతే. కాశీనాథం మాత్రం కాదనాలనుకున్నాడు. కాదంటే ఇంకొకడు కొడతాడు, ఆ వచ్చే నాలుగు రూపాయలూ పోతాయి.

డ్రాయర్ తెరిచి తన రిపోర్టు తీశాడు. ఎప్పటిలాగే పేరు మార్చాడు. కాలేజీ పిల్లల సంఖ్య, కొండపాక పిల్లల సంఖ్య, కరెంటు గంటలు అన్నీ వరసగా దిగాయి. తొమ్మిదో కాలమ్ దగ్గర వేళ్లు ఆగిపోయాయి.

"గాడ లేదనే కొట్టుండ్రి సార్, ఎప్పటిలెక్కనే" అన్నాడు చంద్రశేఖర్.

"వద్దు బిడ్డా. మేనేజర్ నమ్మడు."

కొట్టడం మొదలుపెట్టాడు. 'ఒకటి ఉన్నది. ఇదే మేడ మీద కాశీనాథం టైపు ఇన్‌స్టిట్యూట్. పిల్లలు ముగ్గురు. ఈ సెంటర్ తెరిచిన రెండు మూడు నెలల్లో మూతపడుతుంది.'

చంద్రశేఖర్ చదివి తల దించుకున్నాడు. "గట్లెందుకు సార్..."

"సంతకం చెయ్యి" అన్నాడు కాశీనాథం.

వారం తిరగకుండానే లోను మంజూరైంది. చంద్రశేఖర్ మిఠాయి పొట్లంతో మెట్లెక్కి వచ్చాడు.

"గిన్నేండ్ల నుంచి మీరు కొట్టినయన్నిట్ల గిదొక్కటే నమ్మేటట్టున్నదని మేనేజర్ అన్నడు సార్!"

కాశీనాథం మిఠాయి తీసుకుని, చివరిదైన ఎనిమిదో మిషన్ మీద కూడా గుడ్డ కప్పాడు.